ఏడో లెవల్‌లో కనకాంబరాలు తెల్లబడిన సంగతి

సోమవారం

ఇందుమూలముగా నాలుగో ఇంక్లైన్ ఊరి ప్రజలందరికీ, వారి మేకలకూ తెలియజేయునది ఏమనగా: ఏడో లెవల్ కనకాంబరం మడిలో టీ గ్లాసులు కడిగిన నీళ్ళు పోయరాదు. మడి గట్టు మీద కూర్చుని గోళ్ళు తీసుకోరాదు. పూలు కోసేవారు నెమ్మదిగా కోయవలెను గాని, సవతి జుట్టు పీకినట్టు పీకరాదు. మేకలకు ఈ ప్రకటన చదివి వినిపించు బాధ్యత వాటి యజమానులదే. ధిక్కరించిన వారి పేర్లు ఈ చిట్టాలో రాయబడును. రాయబడిన పేర్లు నెలాఖరు పంచాయతీ సమావేశంలో చదవబడును.

చదవబడును అన్నాను గాని వినబడును అనలేదు. ప్రతి లెవల్ చిట్టానూ నెలాఖరున అందరి ముందూ చదవాలన్నది మా ఊరి నియమం. మూడో లెవల్ పుట్టగొడుగుల చిట్టా మొదలవగానే సగం ఊరు నిద్రపోతుంది. ఏడో లెవల్ వంతు వచ్చేసరికి చదివేవాడు కూడా తూగుతుంటాడు. అందుకే నేను ఇందులో దాపరికం లేకుండా రాస్తాను. ఇంతకంటే భద్రమైన చోటు ఊళ్ళో లేదు.

నా పేరు ఓదేలు. ఏడో లెవల్ మడికి నీళ్ళవాణ్ణి, కాపలావాణ్ణి, పురుగులకు యముణ్ణి. ఆరో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి లెక్కప్రకారం పన్నెండు చదివినట్టే. మేముండేది నాలుగో ఇంక్లైన్ అనే పాత బొగ్గుగనిలో, ఒక్కో లెవల్ ఒక్కో సొరంగం. పైకి పోవాల్సినవాళ్ళు తడి దుప్పటి కప్పుకుని పోతారు, అది ఆరేలోపు తిరిగి వస్తారు. పైన ఎండ గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు.

కింద మాకు ఎండ అంటే దీపమే. గొలుసులకు వేలాడే పెద్ద దీపాలు, ఒక్కో దీపం కింద ఒక్కో పంట. బచ్చలి, గోంగూర, టమాట. తిండికి పనికిరాని మొక్కకు దీపం ఉన్నది ఊరు మొత్తం మీద నా మడికే. పోయిన ఏడు మా అధ్యక్షురాలు దేవక్క కన్ను దాని మీద పడింది.

"ఓదేలూ, పువ్వు వండుకుంటమా, తింటమా? గా దీపం బచ్చలికిద్దాం," అంది.

అప్పుడు నేను మా తాత సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆయన ఇదే గనిలో బొగ్గు కొట్టిన మనిషి. రోజూ చెవి వెనక కనకాంబరాల గుత్తి పెట్టుకుని దిగేవాడు. లోపల గాలి చెడితే ఆ నారింజరంగు పూలు తెల్లబడేవి. తెల్లబడగానే అందరూ పైకి పరుగు. దేవక్క విని, కాసేపు ముక్కు గోక్కుని, ఊరి నియమాల్లో ఒక వాక్యం చేర్పించింది: "కనకాంబరాలు తెల్లబడినచో లెవల్ తక్షణం ఖాళీ చేయవలెను." దీపం నిలబడింది. అంతా మా తాత పుణ్యం.

మంగళవారం

ఎండిన కంకులు కత్తిరించాను. కనకాంబరం అడిగేది తక్కువ. కాళ్ళు తడిగా ఉండాలి, మునగకూడదు. దీపం కావాలి, అలాగని దీపం నెత్తి మీద కూర్చోకూడదు. నెత్తిన నీళ్ళు పోస్తే అలుగుతుంది. పూసిన కంకిని ఎప్పటికప్పుడు తీసేయాలి, లేకపోతే పూయడం మానేసి కాయలతో కాపురం పెడుతుంది. మాటిమాటికీ మెచ్చుకుంటూ ఉండాలి. ఈ లక్షణాలన్నీ మా ఇంట్లో ఇంకొకరికి కూడా ఉన్నాయి. పేరు రాయను.

మధ్యాహ్నం ఐలవ్వ వచ్చింది. మా వరసలో మొదటి గది ఆమెదే. కొమ్మ దొంగిలించడానికి వచ్చింది. అడిగి తీసుకున్న కొమ్మ బతకదనీ, దొంగిలించిన కొమ్మే వేరు పట్టుకుంటుందనీ మా ఊరి ఆడవాళ్ళ గట్టి నమ్మకం. కాబట్టి ఎవరూ అడగరు. నేను కత్తెర గట్టు మీద మరిచిపోయినట్టు పెట్టి, గోడవైపు తిరిగి దగ్గుతాను. దగ్గు ఆగేలోపు వాళ్ళు పని కానిచ్చుకోవాలి. ఐలవ్వకు ఈమధ్య చేతివాటం తగ్గింది. నాకు గొంతు నొప్పి పట్టుకుంది.

"ఏందవ్వా, కొంగుల ఏందది?"

"దగ్గు మందు కొడుకా."

"దగ్గు మందుకు ఆకులు మొలిచినయే?"

"దగ్గేటోనివి నువ్వేనాయె. నీ కోసమే పట్కపోయి కాస్తున్న. ముసలిదాని కొంగు సోదా చేస్తవా, సిగ్గు లేకపోతే సరి!"

ఇది ఆమెకు నాలుగో కొమ్మో ఐదో కొమ్మో. మొదటివన్నీ చచ్చిపోయాయట. నమ్మాను.

సాయంత్రం మొదటి కోత పూలు స్వరూపకు ఇచ్చాను. స్వరూప నా భార్య. మాల కట్టి జడలో తురుముకుని నీళ్ళకు పోయింది. మా లెవల్ దారిలో వెలుతురు చాలదు. దూరం పోయేకొద్దీ మనిషి కనబడదు, పూలు మాత్రం నడుచుకుంటూ పోతుంటాయి. ఊళ్ళో మిగతాదంతా బొగ్గు రంగే. ఈ వాక్యం చిట్టాకు సంబంధం లేనిది. కొట్టేయవచ్చు.

బుధవారం

మొగిలి వచ్చాడు. స్వరూప తమ్ముడు, అంటే నాకు బామ్మర్ది. ఉద్యోగరీత్యా పైకప్పు సర్దార్. గనిలో పైకప్పు కూలేముందు పగులుతూ చప్పుడు చేస్తుంది. దాన్ని మావాళ్ళు 'పైకప్పు మాట్లాడింది' అంటారు. మాట్లాడితే చాలు, ఉన్నవాళ్ళు ఉన్నట్టే బయటికి పోవాలి. మూడుసార్లు మాట్లాడిన లెవల్‌ను ఇటుకలతో మూసేస్తారు. మళ్ళీ తెరవరు. మా ఊళ్ళో నవ్వులాటకు వీల్లేని నియమం ఇదొక్కటే.

మొగిలి ఒక నల్లపెట్టె తెచ్చాడు. పేరు 'చెవి'. పైకప్పు మాట్లాడితే వింటుందట, ఎర్రదీపం వెలిగిస్తుందట. దాన్ని సరిగ్గా నా మడి పైన, నా దీపం గొలుసుకే వేలాడదీశాడు. ఆ పనిమీద మడిలో బూట్లతో నిలబడి, నిండుగా పూసిన కొమ్మను విరిచాడు.

"మొగిలీ, కాళ్ళకింద చూసుకో."

"నా పని పైన చూసుడు బావా. కొమ్మ పోతే మళ్ళొస్తది, పైకప్పు పడితే మనం మళ్ళరాం."

మాట సరైనదే. సరైన మాట చెప్పే బామ్మర్దిని ఏ బావ మాత్రం ఓర్చుకుంటాడు?

కనకాంబరం కాయ గురించి తెలియనివారి కోసం రాస్తున్నాను. ఎండిన కాయకు తడి తగిలితే టప్పున పగులుతుంది. గింజలు గోడకు కొడుతుంది. విత్తనాల కోసం మడి మూలన నేను కత్తిరించకుండా వదిలిన కంకులు కొన్ని ఉన్నాయి. మొగిలి నిచ్చెన దిగి టీ తాగుతుండగా, చేయి తడిచేసుకుని ఆ మూలన ఒకసారి విదిలించాను.

టప్. టప్ టప్. టప్.

చెవికి ఎర్రదీపం వెలిగింది. మొగిలి గ్లాసు వదిలేశాడు. "మాట్లాడింది! పైకప్పు మాట్లాడింది! నడువున్రి, నడువున్రి!" అని ఈల ఊదుకుంటూ ఒక్కొక్క గదీ తట్టి, ఐలవ్వను భుజాన వేసుకుని మరీ పరుగెత్తాడు. లెవల్ మొత్తం బయటికొచ్చి పంచాయతీ జరిగే పెద్దగదిలో కూర్చుంది. నేనూ కూర్చున్నాను. టీ తాగాను. మొగిలి మొహం బొగ్గు మీద బూడిద చల్లినట్టుంది. చాలా బాగుంది.

గోడకున్న పలకమీద మా లెవల్ పేరు పక్కన ఒక గీత గీశారు. అప్పుడు టీ కొంచెం చప్పగా అనిపించింది.

శుక్రవారం

రెండో గీత పడింది. ఇది నా పని కాదు.

నేను ఎరువు కోసం మేకలదొడ్డికి పోయిన సమయంలో, మడి ఎండిపోతోందని స్వరూపకు జాలి కలిగింది. చెంబుతో నీళ్ళు తెచ్చి మొక్కల నెత్తిన పోసింది. మూలన మిగిలిన కాయల్లో సగం ఒకేసారి పేలాయి. పెట్టె ఎర్రబడింది, మొగిలి ఈల ఊదాడు, జనం పరుగెత్తారు. స్వరూప చెంబు వదలకుండా అందరికంటే ముందు పరుగెత్తిందట.

దేవక్క పెద్దగదిలో నిలబడి చెప్పింది: "ఇంకొక్కసారి మాట్లాడితే ఏడో లెవల్ మూసుడే. మనుషులు మూడో లెవల్‌ల సర్దుకోవాలె. దీపం బచ్చలికి పోతది."

"మరి మడి?" అన్నాను.

"మడిని చంకల పెట్టుకొని పోతవా? ఇటుకల ఎనుక ఉంటది."

సాయంత్రానికల్లా మా లెవల్ మొదట్లో ఇటుకలు పేర్చారు. మూడో లెవల్ అంటే పుట్టగొడుగులు. దీపం ఉండదు, వాసన ఉంటుంది. పదకొండు కుటుంబాలు సామాన్లు కట్టుకుంటున్నాయి. ఐలవ్వ తన గదిలో డబ్బాలు లెక్కపెట్టుకుంటూ ఏడుస్తోంది. మొగిలి ఒక్కొక్క గదికీ పోయి, "రంది వెట్టుకోకున్రి, నేనున్న గద," అంటున్నాడు. మూటలు వాడే మోస్తున్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఇది అనారోగ్య లక్షణం.

శనివారం

మొగిలిని పక్కకు పిలిచి నిజం చెప్పాను.

"మొగిలీ, అది పైకప్పు కాదు. కాయలు."

"ఏం కాయలు?"

"కనకాంబరం కాయలు. తడిస్తే పేలుతయ్."

మొగిలి చేతిలోని మూట కింద పెట్టాడు. "బావా, పోయిన ఎండాకాలం నా బూటుల బొద్దింకను పెట్టి, గది దేవుడు పంపిండన్నవ్. మా అమ్మ తద్దినంనాడు పాయసంల ఉప్పు వోసి, గాలి మారి ఉప్పగైందన్నవ్. ఇప్పుడు పువ్వులు పటాకులు గాలుస్తున్నయంటున్నవ్. లెవల్ మూసేస్తరని భయమైతే భయమని చెప్పు."

మనిషి ఒకసారి అబద్ధాలకోరుగా పేరు తెచ్చుకుంటే ఎంత సుఖమో, ఎంత కష్టమో అక్కడే తెలిసింది. నేను దేవక్క దగ్గరకు పోయాను. ఊరంతా పెద్దగదిలో పోగయ్యాక, మడిలో మిగిలిన ఎండు కాయలన్నీ కోసి తెచ్చాను. ఒక ఇత్తడి గ్లాసులో నీళ్ళు పోసి, ఒక్క కాయ వేశాను. కాయ తేలింది. అందరూ నన్ను చూశారు. నేను గ్లాసును చూశాను. జీవితంలో మొదటిసారి నిజం చెబితే, ఆ నిజం నీళ్ళమీద తీరిగ్గా తేలుతోంది.

టప్పున పేలింది. గింజ దేవక్క నుదుటికి తగిలింది.

ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత దేవక్కే నవ్వింది. ఇక పిల్లలూ పెద్దలూ ఎగబడ్డారు. తలా ఒక కాయ తీసుకుని ఉమ్మి తడిచేసి మరీ పేల్చారు. పెట్టె తెచ్చి పక్కన పెడితే పేలినప్పుడల్లా అది ఎర్రబడుతుంటే కిందపడి నవ్వారు. పలకమీద రెండు గీతలూ చెరిపేశారు. ఇటుకలు తిరిగి పోయాయి.

"రెండు సార్లు ఊరిని ఉరికిచ్చినవ్. నెలరోజులు మేకలదొడ్డి నువ్వే ఊడ్వాలె," అంది దేవక్క.

ఒప్పుకున్నాను. రెండోసారిది స్వరూప చేసిందని చెప్పలేదు. ఈ ఒక్క మంచిపనీ లెక్కలో రాసుకోవలెను.

అందరూ నవ్వుతుంటే మొగిలి మాత్రం పెట్టెను తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎవడో, "సర్దారూ, రేపు వంకాయ పేలుతదట, ఈల తయారు పెట్టుకో," అన్నాడు. మొగిలి ఈలను జేబులో పెట్టుకున్నాడు. పెట్టె మోసుకుని పోయి మళ్ళీ మడిపైనే వేలాడదీశాడు. ఈసారి కాళ్ళకింద చూసుకుని, మొక్కలు తొక్కకుండా.

మళ్ళీ సోమవారం

మడి శుభ్రంగా ఉంది. ఒక్క ఎండు కాయ లేదు. అన్నీ శనివారం నవ్వులకు ఖర్చయ్యాయి. మిగిలిన ఎండు కంకులు కూడా మొదలంటా కత్తిరించి మేకలకు వేశాను. ఉన్నవన్నీ లేత కంకులు, పూలు.

మధ్యాహ్నం వంగిన కొమ్మలకు పుల్లలు కడుతున్నాను. టప్ అంది.

నేను నీళ్ళ డబ్బా వైపు చూశాను. మూత ఉంది. చేతులు చూసుకున్నాను. పొడిగా ఉన్నాయి. ఆకుల మీద సన్నగా దుమ్ము రాలి ఉంది, ఇప్పుడే జల్లెడ పట్టినట్టు. పెట్టెకు ఎర్రదీపం.

దారిన పోయేవాళ్ళు నవ్వారు. "ఓదేలన్నా, ఇంక చాలు తియ్యి, మస్తు నవ్వినం." 

"నేను కాదు," అన్నాను.

"ఔ, నువ్వు కాదు. దేవుడు పంపిండు."

స్వరూపతో చెప్పాను. "కాయలు దాచుకున్నవా? తే, నేనొకటి పేలుస్త," అంది.

మొగిలి వచ్చాడు. పైకి చూడనైనా చూడలేదు. పెట్టె మీట నొక్కి ఎర్రదీపం ఆర్పాడు.

"మొగిలీ, మడిలో ఒక్క కాయ లేదు. అన్నీ తీసేసిన. ఇది పైకప్పే. పైకెక్కి ఒక్కసారి తట్టి చూడు."

"బావా, నిన్నటిసంది పోరగాండ్లు నన్ను జూసి టప్ టప్ అంటున్నరు. అక్క గూడ నవ్వింది. మళ్ళ నిచ్చెన ఎక్కి నవ్వులపాలుగాను. కాళ్ళు మొక్కుత, ఇడిచిపెట్టు."

నిజంగానే వంగి కాళ్ళు మొక్కబోయాడు. వాడి చేతులు పట్టుకుని ఆపాను.  వాడి చెవులు మూసింది నేనే. పెట్టె చెవి కూడా.

సాయంత్రం ఇంకోసారి టప్ అంది. ఈసారి ఎవరూ నవ్వను కూడా లేదు. అలవాటయింది.

మంగళవారం

పొద్దున్నే మడికి పోయి చూసేసరికి పూలు తెల్లబడి ఉన్నాయి.

మొత్తం మడి. నిన్నటిదాకా నిప్పుకణికల్లా ఉన్నవి, సున్నం కొట్టినట్టయ్యాయి. నేను అరిచాను. నిజమైన అరుపే. "పూలు తెల్లబడ్డయ్! గాలి చెడ్డది! నడువున్రి!"

గమ్మత్తేమిటంటే, నేను చెబితే ఎవరూ కదలరు గాని, నియమం చెబితే అందరూ కదులుతారు. ముందు ఒకరిద్దరు వచ్చి మడివైపు తొంగి చూశారు. తర్వాత మూతికి తడిగుడ్డ కట్టుకున్నారు. తర్వాత పరుగు. ఐలవ్వ మాత్రం మడిదాకా వచ్చి, కళ్ళు చిట్లించి చూసింది.

"కొడుకా, గిది పిండినల్లి పట్టినట్టున్నది గదరా. మా టమాటలకు గిట్లనే..."

"అవ్వా, మూతిమీది గుడ్డ తియ్యకు. సస్తవ్," అని ఆమెను నడిపించుకుపోయాను.

పెద్దగదిలో అందరూ చేరాక మొగిలి గాలి మీటరు పట్టుకుని లోపలికి పోయి వచ్చాడు. "అక్కా, మీటరుల గాలి మంచిగనే ఉన్నదని వస్తున్నది," అన్నాడు దేవక్కతో.

"మీటరు మంచిగున్నదా మరి?"

"మంచిగనే ఉన్నది."

"పువ్వు తెల్లగైందా లేదా?"

"అయింది."

దేవక్క ముక్కు గోక్కుంది. నా గుండె పుల్లలు కట్టని కొమ్మలా ఊగుతోంది. జనంలో గొణుగుడు మొదలైంది. పొయ్యిమీద పప్పు ఉందని ఒకరు, మేకకు గడ్డి వేయలేదని ఒకరు. ఐలవ్వ, "నా డబ్బాలు, నా డబ్బాలు," అంటూ లేచింది. స్వరూప నా పక్కకొచ్చి చెవిలో, "నిజం చెప్పు. మళ్ళ ఏం చేసినవ్?" అంది.

"కూసో," అన్నాను.

నా గొంతులో ఏం వినిపించిందో గాని, కూర్చుంది.

"మీటరు మొన్నటిది," అంది దేవక్క చివరికి. "పువ్వు సంగతి ఓదేలు తాత కాలంనాటిది. పువ్వు మళ్ళ ఎర్రగయ్యేదాక ఎవ్వలు లోపలికి పోవద్దు."

ఆమె ఆ మాట అని కూర్చున్న కాసేపటికి, ఏడో లెవల్‌లోంచి గాలి వచ్చింది. ముందు గాలి, తర్వాత చప్పుడు. పెద్దగదిలో దీపాలన్నీ గొలుసుల మీద ఊగాయి. నల్లదుమ్ము మా అందరి మొహాలనూ ఒక్కటి చేసింది. దుమ్ము తగ్గాక మొగిలి ఒక్కొక్కరి పేరూ పిలిచి లెక్కపెట్టాడు. అందరూ పలికారు. వాడు మళ్ళీ మొదటినుంచి పిలిచాడు. మళ్ళీ అందరూ పలికారు. మూడోసారి పిలవబోతుంటే స్వరూప పోయి తమ్ముడి చేయి పట్టుకుంది.

గురువారం

లెవల్ నడుమ కూలింది. మొదటి గదులు బాగానే ఉన్నాయి. నష్టం వివరాలు: కుక్కర్లు రెండు, మంచాలు ఎన్నో, మొగిలి నల్లపెట్టె ఒకటి, దీపం ఒకటి, కనకాంబరం మడి ఒకటి. మనుషులు, మేకలు సున్న.

సామాన్లు తెచ్చుకోవడానికి తలా కొంతసేపు అనుమతి ఇచ్చారు. మా గదిలో స్వరూప ముందు చూసింది పిండి డబ్బా.

"ఏందయ్యా, బియ్యప్పిండి సగానికి సగం తగ్గింది?"

"ఎలుక," అన్నాను.

"ఎలుక మూత గూడ పెట్టిపోయిందా?"

"చదువుకున్నదేమో."

నేను రాళ్ళగుట్ట దాకా పోయి చూశాను. ఆ కింద ఎక్కడో ఉంది మడి. దాన్ని తవ్వలేం. కత్తెర జేబులోనే ఉంది. కత్తిరించడానికేమీ లేదు. సాయంత్రం స్వరూప నీళ్ళకు పోయింది. చీకట్లో ఏమీ నడుచుకుంటూ పోలేదు. ఇది కూడా కొట్టేయవచ్చు.

శుక్రవారం

మమ్మల్ని మూడో లెవల్‌లో సర్దారు. పుట్టగొడుగుల వాసన గురించి నేను ముందే రాశాను.

పొద్దున ఐలవ్వ వచ్చింది. కొంగులో డబ్బా. డబ్బాలో కనకాంబరం, జానెడు ఎత్తు, రెండు కంకులు పూసి ఉన్నాయి.

"చచ్చిపోయినయన్నవ్ గదనే?"

"దొంగసొమ్ము బతికిందని ఎవలన్న చెప్పుకుంటరారా?"

మొన్న గాలి చెడిందంటే వెనక్కి ఉరకబోయింది ఈ డబ్బాల కోసమే. ఆమె వెనక ఇంకొకామె, చేతిలో పగిలిన గిన్నె. ఆ వెనక ఐదో లెవల్ గోంగూర ఆయన భార్య. మధ్యాహ్నానికి తేలిందేమిటంటే, ఈ ఊళ్ళో నా మడిలోంచి కొమ్మ దొంగిలించని ఇల్లు లేదు. అందరూ బచ్చలి దీపాల అంచున, టమాటల నీడలో, పంచాయతీకి తెలియకుండా పెంచుకుంటున్నారు. పంచాయతీ అధ్యక్షురాలి వంటగదిలో మూడు డబ్బాలున్నాయి.

"దేవక్కా, నువ్వు గూడనా? దీపం గుంజుకుంట అన్నదానివి!"

"దీపం బచ్చలికి ఇయ్యాలన్న. పువ్వు బాగలేదన్ననా?" అంది ముఖం తిప్పుకుని.

ఎవరికీ నీళ్ళు పోయడం రాదు. ఒకామె నెత్తిన పోస్తోంది. ఒకామె మొక్కను ఊరగాయలా తేల్చింది. ఊరంతా తిరిగి అందరినీ పేరుపేరునా తిట్టాను. ఒంట్లో ఓపిక వచ్చినట్టయింది.

శనివారం

పంచాయతీ తీర్మానం ఈ విధంగా ఉంది. ఒకటి: ప్రతి లెవల్‌లో ఒక కనకాంబరం మడి, దానికొక దీపం ఉండవలెను. రెండు: ఓదేలును పూల సర్దార్‌గా నియమించడమైనది. మూడు: చెడుగాలే పైకప్పును కూల్చిందనీ, ఆ సంగతి పూలే చెప్పాయనీ తేలినందున, ఏడో లెవల్ సాక్షిగా అబద్ధం చెప్పిన గాలి మీటర్లన్నీ పక్కూరికి ఇచ్చేసి, బదులుగా దీపాలు తెచ్చుకోవలెను.

అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి రెండు అంశాలకు నేనూ కొట్టాను. మూడోదానికి చేతులు లేవలేదు.

మొగిలి నా దగ్గరకొచ్చి, "బావా, తప్పయింది. నువ్వు జెప్పినప్పుడు నిచ్చెన ఎక్కి సూడాల్సుండె. ఇంక నువ్వేం జెప్పినా నమ్ముత," అన్నాడు. కళ్ళలో నీళ్ళు. వాడి వయసుకు అది బాగుండదు. నా వయసుకు అసలే బాగుండదు.

ఆదివారం, నెలాఖరు

చదివే మిత్రుడికి మనవి. ఇక్కడ ఆగి, గ్లాసుతో బల్ల మీద కొట్టి, నిద్రపోతున్నవారిని లేపవలెను. ఇక్కడినుంచి గట్టిగా చదవవలెను.

మీటర్లు ఇవ్వకండి. వాటిలో ఏ లోపం లేదు. ఆరోజు గాలి మంచిగానే ఉంది, మీటరు నిజమే చెప్పింది. కనకాంబరానికి గాలి సంగతి తెలియదు. గాలి చెడితే మనతోపాటు అదీ చస్తుంది, అంతకుముందు ఒక్క మాట కూడా చెప్పదు. తెల్లబడటం అనేది నేను దీపం కోసం అల్లిన కథ. మా తాత గనిలో దిగలేదు. గాజులు అమ్మేవాడు. బావిలోకి తొంగి చూడాలన్నా పక్కవాడి చేయి పట్టుకునేవాడట.

ఆ మంగళవారం పూలు తెల్లబడలేదు. జల్లెడ పట్టి నేనే తెల్లబరిచాను. ఐలవ్వ దాదాపు కనిపెట్టేసింది. ఆమె చూపు గురించి ఇకమీద ఎవరూ హాస్యమాడరాదు.

పైకప్పు సంగతి మాత్రం అబద్ధం కాదు. అది మాట్లాడింది. వినాల్సినవాడి చెవులు నేను మూయించాను కాబట్టి, మీరు నమ్మే పూలచేతే చెప్పించాల్సి వచ్చింది. మొగిలికి కొత్త పెట్టె ఇప్పించండి. అది ఎర్రబడినప్పుడు ఎవడైనా టప్ టప్ అంటే, వాడి చేత నా బదులు మేకలదొడ్డి ఊడ్పించండి.

దీపాలు మాత్రం ఇచ్చిన చోటే ఉంచండి. కనకాంబరానికి వెలుతురు కావాలన్నది నేను కల్పించింది కాదు. ఎందుకు కావాలో కారణం అడిగితే నా దగ్గర ఇప్పుడు తాత కూడా లేడు. నిన్న సాయంత్రం ఐలవ్వ డబ్బాలోవి నాలుగు పూలు స్వరూప జడలోకి పోయాయి. మూడో లెవల్ చీకట్లో అవి ఎంతదూరం కనిపిస్తాయో ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

చివరగా ఒక మాట. స్వరూప సమావేశంలో ఉంటే, జల్లెడలో ఏం పోశానన్నది చదవొద్దు. అసలు అందుకే రాయలేదు. ఎలుక అనే చెప్పండి.